పెళ్లికి ముందు కనుబొమలకు శాశ్వత మేకప్: పార్లర్‌లోనా, చర్మవైద్యుల వద్దనా, అసలు వద్దా?

కొర్లగుంట తల్లి

మా అమ్మాయి పెళ్లి శ్రావణమాసంలో జరగనుంది, ఇంకా 24 రోజులే ఉన్నాయి. చిన్నప్పటి నుంచీ తన కనుబొమలు పలచన. రోజూ పెన్సిల్‌తో దిద్దుకోవడం విసుగై, తిరుపతిలోనే ఒక పార్లర్‌లో మైక్రోబ్లేడింగ్‌కు అడ్వాన్సు కట్టి వచ్చింది. ఒక్కసారి చేయించుకుంటే జీవితాంతం ఉంటుందని అక్కడివారు చెప్పారట. మా అత్తగారేమో ముఖాన పచ్చబొట్టు పొడిపించుకున్న పెళ్లికూతురిని ఇంతవరకూ చూడలేదంటూ మూడు రోజులుగా అదే మాట మీద ఉన్నారు. ఇది నిజంగా పచ్చబొట్టేనా, పెళ్లిలోపు చేయించవచ్చా, చేయించేటట్లయితే ఎవరి చేత చేయించాలి అన్నది తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

తిరుచానూరు రోడ్డు బ్యూటీషియన్

అమ్మా, నేను 9 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. 24 రోజుల్లో పెళ్లి పెట్టుకుని నా దగ్గరికి వచ్చినా వద్దనే పంపించేస్తాను.

మీ అత్తగారి మాటలో చాలావరకు నిజముంది. పచ్చబొట్టులాగే ఇక్కడా సూదితో చర్మంలోకి రంగు దించుతాము. బాహ్యచర్మం సుమారు నెలకొకసారి రాలి కొత్తది వస్తుంటుంది కాబట్టి దానిలో పెట్టిన రంగు నిలవదు. దాని కిందనున్న లోచర్మంలోకి చేరాలి, అయితే ఆ లోచర్మంలోనూ పైభాగాన్ని దాటి లోతుకు పోకూడదు. పచ్చబొట్టు కంటే ఇది పైపైన ఉంటుంది కాబట్టే కాలక్రమంలో వెలుస్తుంది. సన్నని సూదులు వరుసగా అమర్చిన చేతిపట్టుతో వెంట్రుక గీతల్లాగా గీసేదే మైక్రోబ్లేడింగ్. అది సుమారు ఏడాది, ఏడాదిన్నర నిలుస్తుంది. మెషీన్‌తో చుక్కలు చుక్కలుగా నింపే పౌడర్ బ్రోస్ రెండు మూడేళ్ల వరకు ఉండవచ్చు. జిడ్డు చర్మమైతే గీతలు తొందరగా అలుక్కుపోతాయి. కాబట్టి జీవితాంతం ఉంటుందన్నవారు మీ అమ్మాయికి సరైన మాట చెప్పలేదు.

ఇక రోజుల లెక్క చూడండి. చేయించుకున్న రోజు కనుబొమలు కాటుకతో మందంగా దిద్దినట్లు నల్లగా కనిపిస్తాయి. నాలుగైదు రోజులకు పక్కు కట్టడం మొదలై, పది రోజులు దాటేసరికి రాలిపోతుంది. అప్పుడు రంగంతా పోయినట్లు అనిపించి, డబ్బు దండగైందని నాకు ఫోన్లు వస్తుంటాయి. నెల గడిస్తే గాని అసలు రంగు తెలియదు, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య టచప్ చేస్తే గాని పని పూర్తి కాదు. పైగా మన పెళ్లిళ్లలో నలుగు పెట్టడం, పసుపు, నూనె, మంగళస్నానం ఉంటాయి. అవేవీ ఇంకా మానని చర్మం మీద పడరాదు. పెళ్లికి కనీసం మూడు నెలల ముందు చేయించుకోవాలి, లేదా పెళ్లయ్యాక చేయించుకోవాలి.

చర్మవైద్యం చదువుతున్నవాడిని

రోజుల విషయంలో బ్యూటీషియన్ గారితో ఏకీభవిస్తాను గాని, "వెలుస్తుంది" అన్న మాటను మాత్రం ఒప్పుకోలేను. లోచర్మంలోకి చేరిన రంగు రేణువులను మన రోగనిరోధక కణాలు మింగి అక్కడే పట్టి ఉంచుతాయి. మీరు కోరుకున్న రంగు పోవచ్చు, మరక మాత్రం మిగలవచ్చు. కార్బన్ ఆధారిత నలుపు కొన్నాళ్లకు బూడిద, నీలి ఛాయలకు తిరుగుతుంది. ఐరన్ ఆక్సైడ్ ఉన్నవి ఎర్రటి, నారింజ ఛాయలు మిగులుస్తాయి. నచ్చలేదని లేజర్‌కు వెళితే, ఐరన్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న రంగులు ఒక్కొక్కసారి అక్కడికక్కడే నల్లబడతాయి. అంటే ఉండాలనుకున్న రంగు ఉండదు, పోవాలనుకున్నది పోదు. శాశ్వతమన్న పేరుకు దీనిలో ఉన్న అర్థం అంతే.

మన ఛాయ చర్మానికి గాయం తరువాత నల్లమచ్చలు పడే స్వభావం ఎక్కువ. సూదులు, రంగు గిన్నెలు మరొకరికి వాడితే హెపటైటిస్ బి, సి సోకవచ్చు. రంగును కుళాయి నీటితో పలచన చేస్తే అందులోని మైకోబాక్టీరియా అనే సూక్ష్మజీవుల వల్ల నెలల తరబడి మానని కురుపులు రావచ్చు. చర్మంలోకి ఎక్కించడానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) ఇంతవరకు ఏ రంగునూ ఆమోదించలేదు. ఐరోపా సమాఖ్య 2022 జనవరి నుంచి ఈ రంగుల్లో వేలాది రసాయనాల మీద ఆంక్షలు పెట్టింది. ఇంత ఉన్న పనిని త్రెడింగ్ చేసే కుర్చీలోనే చేయడం సరికాదు, దీనిని వైద్యులకే వదిలిపెట్టాలి.

చిత్తూరు టీచరమ్మ

అందరూ దీనిని సోకుగానే చూస్తున్నారు కనుక రాస్తున్నాను. రొమ్ము క్యాన్సర్‌కు వేలూరులో కీమో చేయించుకున్నప్పుడు నాకు జుట్టుతో పాటు కనుబొమలూ పోయాయి. తల మీది జుట్టు పోతే కొంగు కప్పుకోవచ్చు, మన ప్రాంతంలో గుండు చూస్తే కొండకు వెళ్లి వచ్చారా అని అడిగి ఊరుకుంటారు. కనుబొమలు లేని ముఖాన్ని మాత్రం తరగతిలో పిల్లలు గుర్తుపట్టలేకపోయారు. నుదుటి చెమట నేరుగా కళ్లలోకి దిగుతుందన్న సంగతి కూడా అవి పోయాకే తెలిసింది.

జుట్టు మళ్లీ వచ్చినా కనుబొమలు సరిగా రాలేదు. చికిత్స ముగిసిన ఎనిమిది నెలలకు, రక్త పరీక్షలు చూసి క్యాన్సర్ వైద్యులు సరేనన్న తరువాతే పౌడర్ బ్రోస్ చేయించుకున్నాను. చేసింది ఒక బ్యూటీషియనే. నన్ను కూర్చోబెట్టి, దారంతో కొలిచి, పెన్సిల్‌తో గీసి, అద్దంలో చూపి, నేను ఒప్పుకున్నాకే సూది పట్టారు. రెండేళ్లకు కొంచెం ఎర్రబడిన మాట నిజమే. అయినా ఉదయం అద్దం ముందు నిలబడినప్పుడు నాకు దక్కినదాన్ని ఆ ఎరుపుతో తూచలేను.

తిరుచానూరు రోడ్డు బ్యూటీషియన్

డాక్టరు గారూ, వైద్యులకే వదిలిపెట్టాలన్నారు. క్లినిక్ బోర్డు మీద పేరు డాక్టరుగారిదైనా లోపల సూది పట్టేది ఎవరో కూడా అడిగి చూడండి. శుభ్రత మీరు నేర్పండి, మేము నేర్చుకుంటాము; రెండు కనుబొమలను సరిసమానంగా గీయడం మాత్రం చేతికి రావలసిన విద్య. అయితే నేను ముట్టనివి నాకూ ఉన్నాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, షుగరు అదుపులో లేనివారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు మింగి ఆరు నెలలైనా కానివారు, గాయం మానిన చోట కండ పెరిగేవారు, బొల్లి ఉన్నవారు వస్తే చేయను. పెదవులకు రంగు అడిగేవారిలో తరచూ జ్వరపు పొక్కులు వచ్చేవారిని ముందు డాక్టరు దగ్గరికే పంపిస్తాను, ఎందుకంటే సూది తగిలితే ఆ పొక్కులు మళ్లీ లేస్తాయి.

అలిపిరి నడక

నాదొక చిన్న మాట. పెళ్లి కుదిరితే కాలినడకన కొండకు వస్తామని మొక్కుకున్నవారు మనలో చాలామంది. ఇది చేయించుకున్న వారంలోనే 3,550 మెట్లు ఎక్కితే ఆ చెమటకు, ఎండకు రంగు నిలవదు. మా చెల్లెలి విషయంలో అదే జరిగింది, ఒక బొమ సగం వెలిసిపోయింది.

చర్మవైద్యం చదువుతున్నవాడిని

టీచరమ్మ గారు రాసినది చదివాక నా మాటను కొంత సవరించుకుంటున్నాను. ఎవరు చేసినా సరే, సూది పొట్లం మీ ఎదుటే విప్పాలి, రంగు సీసా మీది పేరు, బ్యాచ్ నంబరు మీరు ఫోటో తీసుకోవాలి, ఆ రంగు చర్మానికి పడుతుందో లేదో కొద్దిగా పెట్టి చూసే ప్యాచ్ టెస్టు కొన్ని రోజుల ముందే జరగాలి. కాని కనుబొమ దగ్గర పుట్టుమచ్చ ఉంటే దాని మీద రంగు వేయనివ్వకండి; రేపు ఆ మచ్చలో మార్పు వస్తే కనబడకుండా పోతుంది. ఎమ్మారై స్కాన్ అవసరమైతే ముందుగా అక్కడివారికి చెప్పండి, కొందరికి ఆ చోట చురుక్కుమంటుంది, అంతమాత్రాన స్కాన్ మానుకోనక్కరలేదు. రంగు వేయించుకున్నాక ఏడాదిపాటు రక్తదానం చేయరాదు. కనురెప్పల అంచున కాటుకలా ఇదే రంగు వేయించుకునే విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. కంటికి అంత దగ్గరగా సూది పెట్టే పనిని పార్లర్‌లో చేయరాదు.

కొర్లగుంట తల్లి

అందరికీ నమస్కారాలు. నిన్న అమ్మాయిని తీసుకుని ఆ పార్లర్‌కే వెళ్లి రంగు సీసా చూపించమని అడిగాము. లేబుల్ లేని చిన్న డబ్బాలోకి ముందే వంచి పెట్టిన రంగును చూపించారు. ఏ కంపెనీదని అడిగితే ఫారిన్‌దన్నారు. అడ్వాన్సు తిరిగి ఇవ్వలేదు గాని, ముహూర్తం నాటి మేకప్‌లో తగ్గించుకుంటామన్నారు. పెళ్లికి పెన్సిలే వాడతానని అమ్మాయి ఒప్పుకుంది. ఆ తరువాత సంగతి సంక్రాంతి దాటాక చూస్తానంటోంది.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే మా అత్తగారు చెంగు తీసి తన ముంజేయి చూపించారు. పన్నెండేళ్ల వయసులో గంగజాతరకు వచ్చినప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టట. ఇన్నేళ్లుగా చూస్తున్నా అదేదో పువ్వనే అనుకున్నాను. తేలట.