ఎక్సెల్: ఫిల్టర్ పెట్టగానే వరుసల రంగులు చెదిరిపోతున్నాయి

ప్రశ్న: స్టాక్ షీటులో 600 వరుసలు. కండిషనల్ ఫార్మాటింగ్‌లో (షరతు ప్రకారం రంగు వేసే సౌకర్యం) =మాడ్(రో(),2)=0 పెట్టి వరుస విడిచి వరుసకు రంగు వేశాను. ఫిల్టర్ చేస్తే రంగు వరుసలు పక్కపక్కనే వచ్చేస్తున్నాయి. ఎలా సరిచేయాలండీ?

జవాబు: రో ఇచ్చేది షీటులోని అసలు వరుస నంబరు, మాడ్ ఇచ్చేది దాన్ని 2తో భాగిస్తే మిగిలే శేషం. ఫిల్టర్‌లో 4, 8, 10 మిగిలితే మూడూ సరిసంఖ్యలే, మూడింటికీ రంగు పడుతుంది. కనిపించే వరుసల్నే లెక్కపెట్టించండి. ఏ2 నుంచి సెలెక్ట్ చేసి, పాత రూల్ తీసేసి, ఇది ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి: =మాడ్(సబ్‌టోటల్(103,$ఏ$2:$ఏ2),2)=0. ఇందులో సబ్‌టోటల్ 103 కనిపించే, ఖాళీగా లేని గడుల్నే లెక్కపెడుతుంది. $ఏ2లోని 2 ముందు డాలర్ వద్దు, పెడితే అన్ని వరుసలకూ ఒకే లెక్క వస్తుంది.

ఇంకో జవాబు: ఏ కాలమ్‌లో ఖాళీ గడి ఉంటే లెక్క తప్పి, ఆ వరుసకు పై వరుస రంగే వస్తుంది. సీరియల్ నంబర్ల కాలమ్ వాడండి.

మరో జవాబు: కంట్రోల్+టీ కొట్టి టేబుల్ చేస్తే ఫార్ములాతో పనే లేదు, ఫిల్టర్ చేసినా పట్టీలు సర్దుకుంటాయి. ముందు చేత్తో వేసిన రంగులకు ‘నో ఫిల్’ ఇవ్వండి, లేకపోతే అవి టేబుల్ రంగును కప్పేస్తాయి.