నాన్న మోచేతి వాపుకి కారణం ఏమై ఉంటుంది?

మాది వైజాగ్, గాజువాక. నాన్నకి కుడి మోచేతి కొన మీద నిమ్మకాయంత వాపు వచ్చింది. నొక్కితే లోపల నీళ్లు కదిలినట్టు మెత్తగా ఉంది. నొప్పి పెద్దగా లేదు, చెయ్యి బాగానే ముడుస్తున్నారు. దెబ్బేమీ తగల్లేదట. కాకపోతే కొట్లో రోజంతా ఆ మోచెయ్యి కౌంటర్ గాజు మీదే ఆనించి కూర్చుంటారు. చొక్కాలన్నీ అక్కడే అరిగిపోతాయి.

ఎముకకీ చర్మానికీ మధ్య ఉండే తిత్తిలో నీరు చేరితే ఇలా వాస్తుందని, దాన్ని బర్సైటిస్ అంటారని చదివాను. యూరిక్ యాసిడ్ ఎక్కువైనా, చీము పట్టినా కూడా అక్కడే వాస్తుందట. ఎరుపు, జ్వరం లేవు గానీ ఆయనకి షుగర్ ఉంది, నా టెన్షన్ అదే. పక్కింటావిడ సూదితో నీరు తీయించేయమంటున్నారు (ఆవిడకి అన్నిటికీ సూదే మందు). నేరుగా కేజీహెచ్ ఎముకల ఓపీకి తీసుకెళ్లాలా, ముందు రక్తపరీక్ష చేయించాలా? ఇలా వచ్చినవాళ్లుంటే, కారణం ఏమని తేలిందో చెప్పండి.