‘గబ్బిలం’ చదివించే ముందు మేఘసందేశం చెప్పాలా?

ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి చేత ఈ సెలవుల్లో జాషువా కావ్యం ‘గబ్బిలం’ (1941) చదివించాలని ఉంది. గుడిలోకి రానివ్వని మనిషి కాశీలోని శివుడికి తన గోడు గబ్బిలంతో చెప్పి పంపుతాడు. అపశకునమని మనం తరిమేసే గబ్బిలానికి గుడిలో అడ్డు లేదు, మనిషికి ఉంది! ఇది అర్థం కావడానికి ఏ నేపథ్యమూ అక్కర్లేదనిపిస్తుంది. కానీ దీనికి నమూనా అయిన కాళిదాసు మేఘసందేశం (భార్యకు దూరమైన యక్షుడు మేఘంతో కబురు పంపే కావ్యం) తెలియకపోతే, యక్షుడి విరహం ఉన్నచోట ఆకలినీ అంటరానితనాన్నీ నిలబెట్టడంలోని దెబ్బ తనకు తగులుతుందా? ముందే అన్నీ చెప్పేస్తే పద్యం కాస్తా పాఠమైపోతుందేమోనని టెన్షన్. పిల్లలకు చదివించినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, కథంతా ముందే చెప్పారా, చదివాక చెప్పారా? పద్యాలు వాళ్లకు ఎంతవరకు అందాయి?