తాతయ్య ఎల్పీ రికార్డుకి బూజు పట్టింది, ఎలా తుడవాలి?

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. అటక మీద తాతయ్య ట్రంకుపెట్టెలో హిందుస్తానీ గాయకుడు ఉస్తాద్ ఆమిర్ ఖాన్ ఎల్పీ దొరికింది. హెచ్‌ఎంవీ వాళ్లది, ఒకవైపు మార్వా రాగం, రెండోవైపు దర్బారీ రాగం. కోనసీమ చెమ్మ సంగతి తెలిసిందేగా, గాడుల నిండా తెల్లటి బూజు! అంచు కూడా కాస్త వంగింది. అసలే ఆయన మార్వాని ఝూమ్రా తాళంలో అంత నెమ్మదిగా పాడతారా, ప్రతి చిటపటా బయటపడిపోతోంది.

పాత లక్క రికార్డులకి స్పిరిట్ తగలకూడదని తెలుసు. ఇది వినైల్ (ఒకరకం ప్లాస్టిక్) కదా, డిస్టిల్డ్ వాటర్‌లో కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి తుడవొచ్చా? మా బావ కుంకుడు రసం అంటున్నాడు, నాకు ధైర్యం చాలట్లేదు. వంపు తీయడానికి ఎండలో పెట్టమని మాత్రం చెప్పకండి. రాజమండ్రి, కాకినాడల్లో ప్లేయర్ సూది మార్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా?