మా ఊరి రోడ్డు మీద మేమే స్పీడ్ బ్రేకర్లు వేసుకున్నాం. తీసెయ్యాలా?

మానేటి ఒడ్డు:
మాది పెద్దపల్లి జిల్లా, మానేరు పక్కన ఊరు. గుంతలు ఉన్నన్నాళ్లూ రోడ్డు వెయ్యమని ఆఫీసుల చుట్టూ తిరిగాం. రెండేళ్ల కింద బీటీ రోడ్డు పడింది. అప్పటినుంచి ఇసుక టిప్పర్లు, సైలెన్సర్ మార్చిన బైకులు ఊరి నడుమ నుంచే దూసుకెళ్తున్నాయి. స్కూలు గేటు రోడ్డుకు పది అడుగులు కూడా లేదు.

పోయిన నెల మా పెద్దనాయన పాలక్యాన్ పట్టుకుని రోడ్డు దాటుతుంటే ఒక బైకు కొట్టేసి పోయింది. తుంటి ఎముక విరిగింది. బండివాడు ఆగను కూడా లేదు. తారు మీద పారిన పాలు ఎండకు అట్టకట్టి, ఆ మరక రెండు రోజులు అలాగే ఉంది.

ఆ వారమే ఊరంతా కలిసి రాత్రికి రాత్రి కంకర, సిమెంటు కలిపి స్కూలుకు అటూ ఇటూ బ్రేకర్లు పోశాం. పర్మిషన్ లేదు, తీసెయ్యండి అంటున్నారు. నేనైతే తీయొద్దంటాను.

అంబులెన్స్ తమ్ముడు:
అన్నా, పెద్దనాయన సంగతి చదివి బాధేసింది. అయినా తీసెయ్యాలనే అంటాను. నేను అంబులెన్స్ నడుపుతాను. ఊళ్లవాళ్లు పోసే బ్రేకర్ మూరెడు వెడల్పు, జానెడు ఎత్తు ఉంటుంది. వెనక నొప్పులు పడుతున్న ఆడమనిషి ఉంటే, ఎంత మెల్లగా ఎక్కించినా స్ట్రెచర్ ఎగిరిపడుతుంది. ఆ అరుపు వింటూ స్టీరింగ్ పట్టుకోవడం ఎట్లుంటదో చెప్పలేను. రంగు లేకపోతే రాత్రి అసలు కనపడదు. బైకు వెనక ఒకపక్కకు కూర్చున్న ఆడవాళ్లు ఎగిరి పడి, తలకు దెబ్బతో నా బండి ఎక్కినవాళ్లు ఉన్నారు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. గేదె వీపులా వంపు ఉండాలి, గోడలా కాదు.

పది టైర్ల బండి:
నేను టిప్పర్ డ్రైవర్‌ని. మాకు డబ్బులు ట్రిప్పు లెక్కన. లోడింగ్ దగ్గర గంటలు గంటలు లైన్లో పోతాయి, అది రోడ్డు మీద పూడ్చుకోవాలని చూస్తాం. తప్పే, కాదనను. కానీ కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు మీవే కదా? అంచున రాళ్లు పెడతారు, రాత్రి నల్ల పరదా కప్పుతారు. ఎదుటి బండి లైటు కళ్లల్లో పడితే ఆ కుప్ప కనపడదు.

లెక్కల టీచర్:
రాళ్లు తీయాల్సిందే. అంతమాత్రాన స్పీడ్‌ను పక్కన పెట్టొద్దు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. పదిలో ఏడు మరణాలు అతివేగం వల్లే. స్పీడ్ రెట్టింపైతే, బ్రేకు పడ్డాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. తొమ్మిదో తరగతికి ఈ లెక్క నేనే బోర్డు మీద చేయిస్తాను. సాయంత్రం అదే క్లాసు పిల్లాడు ఇంకో ఇద్దర్ని ఎక్కించుకుని గేటు ముందునుంచే పోతాడు. అడిగితే "మా నాయనే ఇచ్చిండు మేడం" అంటాడు.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో మైనర్‌కు బండి ఇస్తే తల్లిదండ్రులకో, ఓనర్‌కో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు. సిమెంటు కలపడానికి ఊరంతా వచ్చింది కదండీ, తాళాలిచ్చే నాన్నల ఇళ్లకు ఎంతమంది వెళ్లారు?

మానేటి ఒడ్డు:
ఎవరూ వెళ్లలేదు మేడం. పెద్దనాయనను కొట్టిన బండి మా ఊరిదే. మావాడే కదా అని అందరం నోరు మూసుకున్నాం. రేపు వాళ్లింటికి నేను వెళ్తాను.

కల్లాలు సరిపోక వడ్లు రోడ్డెక్కుతున్నాయి. రాళ్లకు మాత్రం సాకు లేదు, ఒప్పుకుంటున్నాను. బ్రేకర్లు మాత్రం సరైనవి వేసేదాకా ఉండనివ్వండి తమ్ముడూ. అర్జీ ఇచ్చి ఏడు నెలలైంది. ఇవి తీసిన మర్నాడు పిల్లలు అదే గేటు నుంచి బయటికొస్తారు.

అంబులెన్స్ తమ్ముడు:
ఇంకా నాకు మనసొప్పట్లేదు. ఉంచేటట్టయితే మేస్త్రీని పిలిచి రెండు పక్కలా వాలు పోయించండి, ముందుగానే బోర్డు పెట్టండి. తెల్ల రంగు మాత్రం ఇవాళే వెయ్యండి, చీకటి పడకముందే.