పిల్లలతో కులం గురించి మాట్లాడాలంటే ఏం చదివించాలి?

వినుకొండ టీచర్:
నమస్కారమండీ. మా వీధి లైబ్రరీకి ఆదివారాలు ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు వస్తారు. ఏదైనా చదివి, వాళ్లచేతే ప్రశ్నలు వేయించి మాట్లాడుకుంటాం. ఈసారి అంటరానితనం గురించి అనుకున్నాను. నీతికథ ఇస్తే "అందరూ సమానమే టీచర్" అని ఒకే గొంతుతో చెప్పేసి ఊరుకుంటున్నారు. జాషువా పుట్టిన ఊరు కదా మాది, 'గబ్బిలం' చదవాలని ఉంది. ఆ పద్యాలు వీళ్లకు అందుతాయా? ఇంకో టెన్షన్: దళిత పిల్లలూ ఉన్నారు, వాళ్లు నొచ్చుకోకూడదు.

తెలుగు మాస్టారు:
అమ్మా, కావ్యమంతా వద్దు. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు, అదే కథ. గుడిలోకి గబ్బిలం వెళ్లొచ్చు, ఆ మనిషి వెళ్లకూడదు. అది మామూలు మాటల్లో చెప్పి, ఒక్క పద్యం రాగంతో వినిపించండి. వ్యాఖ్యానం మాత్రం చేయకండి.

హైదరాబాద్ నుంచి:
నేనైతే అంబేడ్కర్ చిన్ననాటి ప్రయాణం చదివిస్తాను. 1901లో పిల్లలు కొందరు నాన్న దగ్గరికి బయల్దేరి మసూర్ స్టేషన్లో దిగుతారు. మహార్లమని (అంటరానివాళ్లుగా చూసిన కులం) చెప్పగానే స్టేషన్ మాస్టర్ ముఖం మారిపోతుంది. రెట్టింపు ఇస్తామన్నా బండి తోలేవాళ్లు ఒప్పుకోరు. చివరికి ఒకడు ఒప్పుకుంటాడు, కానీ బండి పిల్లలే తోలుకోవాలి, అతను పక్కన నడుస్తాడు. ఇక్కడ ఆపండి. మా పిల్లల్లో ఒకమ్మాయి అడిగింది: "వాళ్ల చేతి డబ్బులకు అంటు లేదా?" గంటసేపు అదే మాట్లాడుకున్నాం. అతను చెడ్డవాడని కొందరు, ఊరికి భయపడ్డాడని కొందరు, భయపడితే తప్పు కాకుండా పోతుందా అని ఇంకొకడు. చెడ్డవాడెవరో మొదటే తేలిపోయే కథలో ఈ వాదన పుట్టదు. అందుకే తప్పు చేసే మనిషికి కూడా ఏదో ఒక కారణం కనిపించే పాఠాన్నే వెతకండి.

ఒక దళిత తల్లి:
పాఠం ఏదైనా సరే, మా పిల్లల వైపు తిరిగి "మీ ఇంట్లో ఇలా జరిగిందా?" అని అడగొద్దు. నా చిన్నప్పుడు క్లాసంతా నన్నే చూసేది. ప్రశ్న బండివాడి గురించి ఉండనివ్వండి. మా వాడు చెప్పాలనుకుంటే వాడే చెబుతాడు. ఎప్పుడూ జాలి కథలే తేవద్దు. మావాళ్లు చదివిన, గెలిచిన, ఎదురు తిరిగిన కథలూ తెండి.

వినుకొండ టీచర్:
చాలా థ్యాంక్సండీ. ఈ ఆదివారం మసూర్ ప్రయాణం, బండి కదిలేదాకానే. 'గబ్బిలం' పై వారం. ఎదురు తిరిగిన కథలు, ఈ వయసు పిల్లలకు సరిపోయేవి, మీరు చదివినవి చెప్పండి.