విలియం మోర్గన్ బైబిల్ అనువాదం బిషప్ అయ్యాక చేశారా, ముందే చేశారా?

గోదారి గట్టు (పాలకొల్లు):
నమస్కారమండి. మా ఊరి చర్చిలో ఆదివారం వాక్యం చదివేది నేనే. మా చెల్లి వేల్స్‌లో నర్సు. సెయింట్ ఆసఫ్ కేథడ్రల్ బయట ఉన్న అనువాదకుల స్మారకం ఫొటో పంపింది. 1588లో బైబిల్ మొత్తాన్ని వెల్ష్‌లోకి తెచ్చిన బిషప్ మోర్గన్ గారి గురించి యవ్వనస్తుల కూడికలో చెప్పాలని ఉంది. ఆ పని బిషప్‌గా ఉండి చేశారా? 1567లోనే కొత్త నిబంధన వచ్చింది కదా, అది చాలలేదా?

తెలుగు మాస్టారు (అమలాపురం):
ముందేనండి. ఆయన 1545లో పెన్మాఖ్నో దగ్గర కౌలు రైతు ఇంట పుట్టారు. కేంబ్రిడ్జిలో హీబ్రూ నేర్చుకుని, 1578లో లాన్‌రైయాదర్ అనే కొండ ఊరికి పాదిరిగా వెళ్ళారు. ఊళ్ళో కొందరితో కోర్టు తగాదాలు నడుస్తుండగానే అనువాదం సాగింది. అచ్చు పడేటప్పుడు ఏడాది పాటు లండన్‌లో ఉండి దగ్గరుండి చూసుకున్నారు. లాన్‌డాఫ్ బిషప్ పదవి 1595లో గానీ రాలేదు. 1601లో సెయింట్ ఆసఫ్‌కి మారారు, 1604లో పోయారు.

రెండో ప్రశ్న నాకు చాలా ఇష్టం. మన గసడదవాదేశంలా వెల్ష్‌లోనూ మాట మొదటి అక్షరం మారుతుంది. ‘పెన్’ అంటే తల. ‘నా తల’ అంటే నోటికి ‘వ మ్‌హెన్’ అని వస్తుంది. 1567 కొత్త నిబంధనలో ఎక్కువ భాగం అనువదించిన విలియం సాల్స్‌బరీ గారు మహా పండితుడే గానీ, ఇలాంటి మార్పుల్ని చాలాచోట్ల రాతలో చూపలేదు, స్పెల్లింగులు లాటిన్ పోలికలో పెట్టారు. గుళ్ళో చదివేవాడికి నోరు తిరగదు, వినేవాడికి అందదు. మోర్గన్ ఆ కొత్త నిబంధనని చెవికి ఆనేలా దిద్ది, పాత నిబంధన తాను అనువదించారు.

లంక రైతు:
ఇంకోటి కూడా చెప్పండన్నా. ఆయన పుట్టింది గ్విదిర్ జమీందార్ల భూమిలోనే. బిషప్ అయ్యాక ఆ ఇంటి సర్ జాన్ విన్ లాన్‌రూస్ట్ చర్చికొచ్చే దశమభాగం తనకు కౌలుకిమ్మంటే ఇవ్వనన్నారు. నాకైతే అనువాదం ఎంత గొప్పదో ఇదీ అంతే.

గోదారి గట్టు (పాలకొల్లు):
మాస్టారూ, చాలా సంతోషమండి. తమ్ముడూ, ఆ కౌలు సంగతి తప్పకుండా చెప్తాను. మా మామ్మకి చూపు ఆనదు, వాక్యం వినడమే. ఈసారి ఆదివారం భాగం శనివారం రాత్రే ఆవిడకి చదివి వినిపిస్తాను. ఎక్కడ ‘ఏవిట్రా అదీ’ అంటుందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకుంటాను.